బట్టల సబ్బులో పచ్చదనం ఎంత?

దీపావళి వెళ్ళిన ఆరో రోజున ఢిల్లీ నుంచి ఏటా ఒకే రకం ఫొటోలు వస్తాయి. ఛఠ్ పూజకు యమునలో దిగిన ఆడవాళ్ళు తెల్లని నురగ మధ్య నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తుంటారు. తెలియనివాళ్ళు చూస్తే నది మీద మంచు గడ్డలు తేలుతున్నాయనుకుంటారు. ఓఖ్లా బరాజ్ దగ్గర నీళ్ళు పైనుంచి కిందికి పడినప్పుడు రేగే నురగ అది. నగరంలోని ఇళ్ళ నుంచి, లాండ్రీల నుంచి, బట్టలకు రంగులద్దే యూనిట్ల నుంచి శుద్ధి కాకుండా వచ్చి కలిసే సబ్బు నీళ్ళు దానికి ప్రధాన కారణం. పండగ దగ్గరపడగానే అధికారులు పడవల మీద వెళ్ళి నురగను అణిచే ఇంకో రసాయనాన్ని నది మీద చల్లుతారు. బెంగళూరు బెళ్ళందూరు చెరువుదీ ఇదే కథ. ఆ చెరువు నురగ రోడ్డు మీదికి ఎగిరి వచ్చేది. 2015లో ఆ చెరువు నీళ్ళ మీద మంటలు కూడా లేచాయి.

ఇప్పుడు మన వీధి చివర ఉన్న సూపర్‌మార్కెట్‌కు వద్దాం. బట్టల పొడులు, లిక్విడ్ డిటర్జెంట్లు, అంట్లు తోమే ద్రావణాలు ఉన్న అరలో కొన్నేళ్ళుగా ఆకు బొమ్మలు పెరుగుతున్నాయి. ‘ఎకో’, ‘నేచురల్’, ‘ప్లాంట్ బేస్డ్’, ‘భూమికి మేలు’ అన్న మాటలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. మామూలు సరుకు కంటే వీటి ధర ఎక్కువ. కొనేవారి ఉద్దేశం మంచిదే. అయితే ఆ అదనపు డబ్బుకు అవతల నదిలో ఏమైనా మారుతోందా? మారాలంటే ఆ సీసాలో ఏముండాలి? ఈ ప్రశ్నలకు జవాబులు డిటర్జెంట్ల చరిత్రలోనే ఉన్నాయి. ఆ చరిత్ర తెలిస్తే ఆకు బొమ్మను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

ముందే ఆలోచించే రసాయనశాస్త్రం

చాలాకాలం వరకు రసాయన కాలుష్యం గురించి మన ఆలోచన ఒకే తీరుగా సాగింది. ముందు కావలసిన వస్తువు తయారు చేయడం, ఆ తర్వాత వచ్చిన వ్యర్థాలను శుద్ధి చేయడమో, పాతిపెట్టడమో, పొడవైన గొట్టం వేసి దూరంగా వదిలేయడమో. గ్రీన్ కెమిస్ట్రీ ఈ వరసను తలకిందులు చేసింది. వ్యర్థం పుట్టాక ఏం చేయాలని అడిగే బదులు, అసలు పుట్టకుండా వస్తువును ఎలా రూపొందించాలని అడగమంది. అమెరికా రసాయన శాస్త్రవేత్తలు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో తమ పుస్తకంలో ఇందుకు 12 సూత్రాలు రాశారు. వాటిలో నిత్యం వాడే వస్తువులకు ముఖ్యంగా వర్తించేవి కొన్ని: వ్యర్థాన్ని పుట్టకముందే నివారించాలి. ముడిపదార్థంలో ఎక్కువ భాగం చివరి వస్తువులోకి చేరాలి. పని చేసే శక్తి తగ్గకుండా విషగుణం తగ్గాలి. వాడకం పూర్తయ్యాక ఆ పదార్థం ప్రకృతిలో హాని లేని ముక్కలుగా విడిపోవాలి.

ఫ్యాక్టరీ లోపల ఇది ఎలా పని చేస్తుందో నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ ఉదాహరణగా చెబుతారు. 1960లలో బ్రిటన్‌కు చెందిన బూట్స్ కంపెనీ కనిపెట్టిన పద్ధతిలో దాని తయారీకి ఆరు దశలు పట్టేవి. వాడిన పదార్థాల్లో సుమారు 40 శాతం మాత్రమే మందులోకి చేరేది, మిగతాదంతా వ్యర్థమే. 1990ల మొదట్లో బీహెచ్‌సీ అనే సంస్థ అదే మందును మూడు దశల్లో తయారు చేసింది. మందులోకి చేరే వాటా సుమారు 77 శాతానికి పెరిగింది. మాత్ర మారలేదు, రోగికి తేడా తెలియలేదు. తేడా అంతా ఫ్యాక్టరీ వెనుక కాలువలోనే. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు మందుల కంపెనీల వ్యర్థాలతో ఏమయ్యాయో చూసిన తెలుగువారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మందుల ఫ్యాక్టరీ వ్యర్థం కనీసం ఒకచోటే బయటికి వస్తుంది. దానికి ఒక గేటు ఉంటుంది, తనిఖీకి ఒక అధికారి ఉంటాడు. బట్టల సబ్బు సంగతి అలా కాదు. అది కోట్ల ఇళ్ళ తూముల నుంచి కొద్దికొద్దిగా రోజూ నీళ్ళలో కలుస్తుంది. అమ్మిన సరుకంతా చివరికి నీళ్ళలోకి చేరాల్సిందే. దాన్ని వెనక్కి తెచ్చుకునే మార్గం లేదు. అందుకే నిత్యావసర వస్తువుల్లో గ్రీన్ కెమిస్ట్రీకి అసలు పరీక్ష డిటర్జెంటే. ఆ పరీక్ష మొదలైంది 12 సూత్రాలు రాయడానికి ముప్పై, నలభై ఏళ్ళ ముందు.

కొమ్మలున్న గొలుసు, సాఫీ గొలుసు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, ఐరోపా దేశాల్లో నూనెలతో చేసే సబ్బు స్థానంలోకి పెట్రోలియంతో చేసే డిటర్జెంట్లు వచ్చాయి. సబ్బుకు ఒక బలహీనత ఉంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళలో అది నురగ కట్టదు, తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం అందుకు కారణం. డిటర్జెంట్‌కు ఆ ఇబ్బంది తక్కువ. పైగా చవక. అందుకే కొద్ది ఏళ్ళలోనే ఇళ్ళన్నీ దానికి మారాయి.

మురికి వదిలించే అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీరంటే ఇష్టం, తోకకు జిడ్డంటే ఇష్టం. తోకలు జిడ్డులోకి దిగబడతాయి, తలలు నీళ్ళ వైపు నిలుస్తాయి. అలా జిడ్డును చుట్టుముట్టి నీళ్ళతో పాటు తీసుకుపోతాయి. అప్పట్లో వాడిన అణువు తోక చెట్టు కొమ్మల్లా చీలి ఉండేది. ఉతకడానికి అది బాగానే పని చేసింది. చిక్కు తూము దాటాక వచ్చింది. నీళ్ళలోని బాక్టీరియా ఇలాంటి గొలుసును ఒక చివర పట్టుకుని రెండు రెండు కార్బన్లుగా కొరుక్కుంటూ తింటుంది. మధ్యలో కొమ్మ అడ్డం వస్తే దాని పని ఆగిపోతుంది. ఫలితంగా వాడిన డిటర్జెంట్ మురుగు శుద్ధి కేంద్రాలను దాటి నదుల్లోకి, అక్కడి నుంచి మంచినీళ్ళలోకి చేరింది. 1950లలో బ్రిటన్, జర్మనీ, అమెరికా నదుల మీద నురగ గుట్టలు లేచాయి. కొన్ని ఊళ్ళలో కొళాయి తిప్పితే నురగ వచ్చింది.

పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది. నీళ్ళలో విచ్ఛిన్నం కాని డిటర్జెంట్లు అమ్మకూడదంది. కంపెనీలు కొమ్మల తోక స్థానంలో సాఫీగా, నిటారుగా ఉండే తోకను తెచ్చాయి. అమెరికాలో పరిశ్రమ 1965 నాటికి ఈ మార్పు పూర్తి చేసుకుంది. గాలి సరిగా ఆడే శుద్ధి కేంద్రాల్లో బాక్టీరియా ఈ కొత్త అణువును చాలా మటుకు తినేస్తుంది. నురగ గుట్టలు తగ్గిపోయాయి.

ఈ కథలో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ కొత్త అణువు కూడా పెట్రోలియం నుంచే వచ్చింది. దాని తోకకు ముడిసరుకు కిరసనాయిలు నుంచి తీసేదే. పచ్చదనం మొక్క నుంచి వచ్చిందా, భూమిలోంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి రాలేదు, ఆకారాన్ని బట్టి వచ్చింది. రెండు, బట్టలుతికే గృహిణికి ఈ మార్పు తెలియనే లేదు. ఎవరూ ‘ఎకో’ సబ్బు వెతుక్కోలేదు, అదనంగా డబ్బు కట్టలేదు. అరలో ఉన్న ప్రతి ప్యాకెట్టూ మారిపోయింది. మన ఊళ్ళలో చిన్న యూనిట్లు ‘యాసిడ్ స్లర్రీ’ పేరుతో డబ్బాల్లో కొని, సోడా, ఉప్పు కలిపి బట్టల పొడి చేస్తుంటాయి. ఆ స్లర్రీ ఈ సాఫీ గొలుసు అణువే.

ఒకటి తీసేస్తే ఇంకొకటి కావాలి

తర్వాతి సమస్య ఫాస్ఫేట్లు. ఉప్పదనం ఉన్న నీళ్ళలోని కాల్షియాన్ని పట్టి ఉంచడానికి డిటర్జెంట్ పొడుల్లో వీటిని ధారాళంగా కలిపేవారు. ఫాస్ఫేట్ మనుషులకు విషం కాదు, పొలంలో వేసే ఎరువులో ఉండేదే. అయితే చెరువులోకి చేరాక కూడా అది ఎరువులాగే పని చేస్తుంది. నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి కుళ్ళినప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చిపోతాయి. అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సు 1960లలో ఇలాగే దెబ్బతిన్నది.

ఫాస్ఫేట్ తీసేస్తే పొడి సరిగా ఉతకదు. ఉతకని పొడిని ఎవరూ కొనరు, కొన్నా రెండింతలు వాడతారు. 1970లలో జర్మన్ కంపెనీ హెంకెల్ జియోలైట్‌ను ఇందుకు వాడుకలోకి తెచ్చింది. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో అల్లిన సన్నని రంధ్రాల స్ఫటికం అది. తనలోని సోడియంను వదిలి నీళ్ళలోని కాల్షియంను తీసుకుంటుంది. నాచుకు ఎరువు కాదు. యూరోపియన్ యూనియన్ 2013 జూన్ నుంచి ఇళ్ళలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫరస్‌ను నామమాత్రానికి పరిమితం చేసింది. అక్కడ డిటర్జెంట్ అణువులకు ఇంకో షరతు కూడా ఉంది. ప్రయోగశాల పరీక్షలో 28 రోజుల్లో కనీసం 60 శాతం మేరకు కార్బన్ డయాక్సైడ్ దాకా విచ్ఛిన్నమైతేనే వాడనిస్తారు. ‘విచ్ఛిన్నమవుతుంది’ అన్న మాటకు అక్కడ ఒక గడువు, ఒక అంకె, ఒక పరీక్ష ఉన్నాయి.

ఏమవుతుందన్నదే కాక, దేనిగా మారుతుందన్నది కూడా చూడాలి. నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు అనే శుభ్రపరిచే పదార్థాలు నీళ్ళలో విడిపోతాయి. కానీ విడిపోయాక మిగిలే నోనైల్‌ఫినాల్ అసలు పదార్థం కంటే చేపలకు ఎక్కువ హాని చేస్తుంది. హార్మోన్ల పనిని కూడా చెడగొడుతుంది. యూరప్ 2003లోనే వీటి మీద ఆంక్షలు పెట్టింది. కాబట్టి ‘బయోడిగ్రేడబుల్’ అన్న ఒక్క మాట పూర్తి సమాధానం కాదు.

మరి మన దగ్గర నురగ ఎందుకు?

సాఫీ గొలుసు అణువు మన దగ్గరా ఉంది కదా, యమున మీద నురగ ఎందుకు తగ్గలేదు? ఆ అణువును బాక్టీరియా తినాలంటే ఆక్సిజన్ కావాలి, కొంత సమయం కావాలి. శుద్ధి కేంద్రంలో ఆ రెండూ దొరుకుతాయి. మన మురుగులో ఎక్కువ భాగం అక్కడిదాకా వెళ్ళనే వెళ్ళదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాలు రోజుకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగునీటిని వదులుతున్నాయి. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది సుమారు 2,023 కోట్ల లీటర్లు. అంటే 28 శాతం. మిగతా నీళ్ళు నాలాల్లో, చెరువుల్లో కలుస్తాయి. ఆక్సిజన్ లేని ఆ నల్లటి నీళ్ళలో ఈ అణువు సరిగా విడిపోదు.

యూరప్ ప్రయోగశాలలో పాసైన అణువు ఢిల్లీ నాలాలో ఫెయిలవడానికి కారణం ఇదే. వస్తువును రూపొందించేవారు అది చివరికి ఎక్కడికి చేరుతుందో ముందే చూడాలన్నది గ్రీన్ కెమిస్ట్రీలో మూల సూత్రం. మన దేశానికి చేసే డిటర్జెంట్ మన నాలాను చూసి చేయాలి. ఆక్సిజన్ తక్కువ ఉన్నా విడిపోయే అణువులు కావాలి. అసలు అణువు మోతాదే తగ్గించి ఆ పనిని ఎంజైములకు అప్పగించడం ఇంకో దారి. ప్రోటియేజ్ చెమట, రక్తం, పాల మరకలను కోస్తుంది. అమైలేజ్ గంజి, పప్పు మరకలను విడగొడుతుంది. లైపేజ్ నూనె మరకల పని పడుతుంది. ఇవి చాలా కొద్ది మోతాదులో పని చేస్తాయి. వేడినీళ్ళు అక్కర్లేదు. వాటికవే ప్రొటీన్లు కాబట్టి నీళ్ళలో తేలిగ్గా కుళ్ళిపోతాయి.

పాశ్చాత్య దేశాల ‘పచ్చ’ ప్రచారాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే వచ్చే ఇబ్బంది కూడా ఇక్కడే కనబడుతుంది. అక్కడ వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు వేడి చేసి ఉతకడం అలవాటు. చల్లనీళ్ళలో పని చేసే డిటర్జెంట్ వస్తే కరెంటు ఆదా. మనం ఎలాగూ ఎక్కువగా చల్లనీళ్ళలోనే ఉతుకుతాం, ఆ లాభం మనకు అంతగా రాదు. మనకు కావలసింది జాడించే నీళ్ళ ఆదా. ఇంకొకటి, చేత్తో ఉతికేవాళ్ళ చర్మం. చవక పొడుల్లో సోడా పాలు ఎక్కువ. నాలుగిళ్ళలో బట్టలుతికే మనిషి చేతులు పగిలి మండుతుంటాయంటే అందులో ఆ సోడా వాటా కూడా ఉంటుంది. విషగుణం తగ్గాలన్న సూత్రం చేపలతో పాటు ఆ చేతులకు కూడా వర్తిస్తుంది.

కుంకుడుకాయ చెప్పే పాఠం

‘నేచురల్’ అన్న మాట దగ్గర మనకు ఒక బలహీనత ఉంది. కుంకుడుకాయతో తలంటు, శీకాయ, పట్టుచీరలకు కుంకుడు రసం మనింట్లో పుట్టిపెరిగిన విషయాలు. అడవి బిడ్డలు ఏరిన కుంకుడు, శీకాయలను విశాఖపట్నం కేంద్రంగా ఉన్న గిరిజన సహకార సంస్థ దశాబ్దాలుగా కొని అమ్ముతోంది. కుంకుడులో నురగ తెప్పించేవి సపోనిన్లు. వాటికీ డిటర్జెంట్ అణువులాగే తలా తోకా ఉంటాయి. పట్టుకు అది నిజంగా మంచిదే. గట్టి సోడా పట్టును పాడు చేస్తుంది, కుంకుడు రసం చేయదు.

అయితే సపోనిన్లు చేపలకు విషం. అవి మొప్పలను దెబ్బతీస్తాయి. కుంకుడు జాతి కాయలను దంచి నీళ్ళలో కలిపి, మత్తెక్కి తేలిన చేపలను పట్టుకోవడం చాలా ప్రాంతాల్లో పాత అలవాటే. దీనర్థం కుంకుడు చెడ్డదని కాదు. కొద్ది నీళ్ళలో, కొద్ది మోతాదులో, కొద్దికాలంలో విడిపోయే పదార్థంగా అది మంచిదే. కానీ ‘సహజం కాబట్టి హాని లేదు’ అన్న వాదన మాత్రం నిలబడదు.

‘ప్లాంట్ బేస్డ్’ సంగతీ అంతే. ఇప్పటి షాంపూల్లో, లిక్విడ్ డిటర్జెంట్లలో వాడే చాలా అణువుల తోకలు పామ్ కెర్నెల్ నూనె నుంచో కొబ్బరి నూనె నుంచో వస్తాయి. ఆ పామాయిల్ తోట ఎక్కడిది? ఇండోనేషియాలో అడవి నరికి వేసిందా, పాత పొలంలో వేసిందా? ఆ సంగతి తెలియకుండా మొక్క నుంచి వచ్చిందని మెచ్చుకోవడం తొందరపాటు. అదే షాంపూ రూపాయి ప్యాకెట్లో వస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ప్యాకెట్‌ను పలచటి పొరలు కొన్ని అతికించి చేస్తారు. వాటిని విడదీసి మళ్ళీ వాడుకోవడం దాదాపు కుదరని పని. లోపలి ద్రవం ఎంత మంచిదైనా ప్యాకెట్ మాత్రం కాలువలోనే మిగులుతుంది. నీళ్ళలో కరిగే పొరలో చుట్టిన డిటర్జెంట్ బిళ్ళలను ‘ప్లాస్టిక్ లేనివి’ అని అమ్ముతున్నప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. కరగడం వేరు, విచ్ఛిన్నం కావడం వేరు. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, కానీ ఎక్కడికీ పోదు.

మంచి వస్తువును అమ్మడం ఎలా?

పర్యావరణానికి మేలు చేసే వస్తువు తయారు చేయడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. ఫిలిప్స్ కంపెనీ అమెరికాలో 1994లో కరెంటు ఆదా చేసే సీఎఫ్ఎల్ బల్బును ‘ఎర్త్‌లైట్’ పేరుతో తెచ్చింది. మామూలు బల్బు 75 సెంట్లుంటే దీని ధర 15 డాలర్లు. భూమి కోసం కొనండన్న మాట పెద్దగా పారలేదు. 2000లో కంపెనీ అదే బల్బుకు మార్పులు చేసి ‘మారథాన్’ అని పేరు మార్చింది. అయిదేళ్ళు వెలుగుతుంది, 20 డాలర్లకు పైగా మిగులుతుంది అని చెప్పింది. మార్కెట్ మొత్తం మందకొడిగా ఉన్నప్పుడు దాని అమ్మకాలు 12 శాతం పెరిగాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్లోరాక్స్ కంపెనీ 2008లో అమెరికాలో ‘గ్రీన్ వర్క్స్’ పేరుతో మొక్కల నుంచి చేసిన శుభ్రపరిచే ద్రావణాలు తెచ్చింది. మొదట్లో బాగా అమ్ముడయ్యాయి. ఆర్థిక మాంద్యం రాగానే జనం చవక సీసాల వైపు తిరిగారు, అమ్మకాలు పడిపోయాయి. చేతిలో డబ్బు ఆడినప్పుడు మాత్రమే కొనే పచ్చదనం ఎక్కువకాలం నిలవదు.

మన మార్కెట్లో ఇది ఇంకా నిజం. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా, సర్ఫ్ కిలో సుమారు 13 రూపాయలున్న రోజుల్లో 3 రూపాయలకే వచ్చి దేశమంతా పాకింది. ఈ దేశంలో బట్టల పొడి కొనేవారిలో ఎక్కువమంది మొదట చూసేది ధరనే. తర్వాత చూసేది నురగ. నురగకు, ఉతుకుకు నేరుగా సంబంధం లేదు. మురికి వదిలించేది నీళ్ళలోని అణువులు, పైన తేలే బుడగలు కావు. కానీ దశాబ్దాల ప్రకటనలు నురగనే శుభ్రతకు గుర్తుగా నిలబెట్టాయి. తక్కువ నురగ వస్తే పొడి మంచిది కాదని ఇంకో గుప్పెడు వేస్తాం. ఆ గుప్పెడును వదిలించడానికి ఇంకో బకెట్ నీళ్ళు పోస్తాం.

ఈ అలవాటును ఎదుర్కొన్న ప్రచారం కూడా ఒకటి మన దగ్గరే జరిగింది. 2000 దశకంలో సర్ఫ్ ఎక్సెల్ తక్కువ నురగ వచ్చే పొడిని తెచ్చి, రోజుకు రెండు బకెట్ల నీళ్ళు మిగులుతాయని చెప్పింది. ట్యాంకర్ కోసం ఎదురు చూసే ఇంటికి ఆ మాట వెంటనే అర్థమైంది. భూమిని రక్షించండని అడగలేదు, రెండు బకెట్లు మిగులుతాయన్నారు. ఆ మాట నిజమో కాదో ఏ ఇంట్లోనైనా కొలిచి చూసుకోవచ్చు. పచ్చ వస్తువు అమ్మడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు: కొలవగలిగిన లాభం, కొనేవారి ఇంట్లోనే కనిపించే లాభం.

మాటకు రుజువు అడుగుతున్న నియమాలు

భారత ప్రభుత్వం 1991లోనే ‘ఎకోమార్క్’ అనే గుర్తును తెచ్చింది. మట్టికుండ దాని చిహ్నం. సబ్బులు, డిటర్జెంట్లు మొదట్నుంచీ ఆ జాబితాలో ఉన్నాయి. అయినా ఆ కుండ బొమ్మ ఉన్న ప్యాకెట్‌ను ఎప్పుడైనా చూశామా అని అడిగితే మనలో చాలామంది లేదనే అంటారు. కంపెనీలు ముందుకు రాలేదు, జనానికి తెలియలేదు. 2024 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త ఎకోమార్క్ నియమాలను ప్రకటించి పథకాన్ని మళ్ళీ మొదలుపెట్టింది.

అంతకంటే పదునైనవి 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాలు. పర్యావరణం పేరు చెప్పి తప్పుదోవ పట్టించడాన్నే గ్రీన్‌వాషింగ్ అంటారు. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘నేచురల్’, ‘సస్టెయినబుల్’ లాంటి మాటలను వివరణ, ఆధారం లేకుండా ఊరికే వాడకూడదు. ‘కంపోస్టబుల్’, ‘విషరహితం’, ‘ఫలానాది లేనిది’ అని చెబితే ధ్రువీకరణో, శాస్త్రీయ ఆధారమో, స్వతంత్ర సంస్థ పరిశీలనో చూపించాలి. సాంకేతిక పదాలను వినియోగదారుకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న మండలి కూడా 2024 ఫిబ్రవరి నుంచి ఇలాంటి నియమాలనే అమలు చేస్తోంది. ప్లాస్టిక్ విషయంలో 2024 మార్చి సవరణ ఇంకాస్త స్పష్టంగా ఉంది. మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా విచ్ఛిన్నమయ్యేదాన్నే ‘బయోడిగ్రేడబుల్’ అనాలని నిర్వచించింది.

ఢిల్లీ ప్రభుత్వం 2021 జూన్‌లో ఇంకో దారి పట్టింది. సవరించిన బీఐఎస్ ప్రమాణాలకు తగని సబ్బులు, డిటర్జెంట్ల అమ్మకాన్ని, నిల్వను నిషేధించింది. ఆ తర్వాత కూడా నురగ వస్తూనే ఉంది. మురుగు శుద్ధి కానంతవరకు సరుకును మాత్రమే నియంత్రిస్తే చాలదని యమున ఏటా గుర్తు చేస్తోంది.

కొనేముందు, అడిగేముందు

ఇక మనం చేయగలిగేది. ఆకు బొమ్మ కనబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. పచ్చదనం దేని గురించి, లోపలి ద్రవం గురించా, సీసా గురించా? విచ్ఛిన్నమవుతుందంటే ఎన్ని రోజుల్లో, ఎంత శాతం, ఎలాంటి నీళ్ళలో, దేనిగా? ఎవరు పరీక్షించారు, కంపెనీయా, బయటి సంస్థా? ఒక ఉతుకుకు ఎంత వాడాలి? నాలుగో ప్రశ్న మిగతా మూడింటికంటే తక్కువేమీ కాదు. ప్యాకెట్ మీద రాసిన కొలతకు కట్టుబడితే ఏ పొడి వాడినా నదికి మేలే. అందుకు అదనంగా ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. షాంపూ సీసా మీద అందులో ఉన్న పదార్థాల పేర్లు వరసగా ఉంటాయి. బట్టల పొడి ప్యాకెట్ మీద ఎక్కువగా కనిపించేవి ‘సర్ఫాక్టెంట్లు, బిల్డర్లు, ఎంజైములు, పరిమళం’ లాంటి కొన్ని గంపగుత్త మాటలే. ఏ సర్ఫాక్టెంట్, ఏ బిల్డర్, ఫాస్ఫేట్ ఉందా లేదా అన్నది తెలియకుండా ఏది పచ్చనో తేల్చుకోమంటే ఎలా? అమెరికాలోని కాలిఫోర్నియా 2017లో చట్టం చేసి, శుభ్రపరిచే వస్తువుల్లో ఏముందో కంపెనీలు బయటపెట్టాలంది. అలాంటి నియమం ఇక్కడా రావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది 1960ల నాటి ఆ గొలుసు కథ చెబుతోంది. నురగ గుట్టలు తగ్గింది కొంతమంది శ్రద్ధగలవారు ఖరీదైన సబ్బు కొన్నందుకు కాదు. అందరూ కొనే మామూలు సబ్బు మారినందుకు తగ్గాయి. అది జరగడానికి రసాయన శాస్త్రవేత్త మంచి అణువును ఇచ్చాడు, చట్టం గడువు పెట్టింది, ఊళ్ళు మురుగు శుద్ధి కేంద్రాలు నడిపాయి. మన దగ్గర ఆ మూడింటిలో అణువు ఒక్కటే వచ్చింది, మిగతా రెండూ సగంలో ఆగాయి. ఖరీదైన అరలో ఉన్న ఆకు బొమ్మ సీసా మంచిదే అయినా, యమునలో కలిసేది ఎక్కువగా కింది అరలోని పది రూపాయల ప్యాకెట్టే. పచ్చదనం ఆ ప్యాకెట్‌లోకి చేరినప్పుడే అర్ఘ్యం ఇచ్చే ఆ ఆడవాళ్ళ చుట్టూ నీళ్ళు నీళ్ళలా ఉంటాయి.